థ్రాటిల్ ఇవ్వగానే మలుపులో బైక్ బయటికి పోతోందా? బయటి కాలు చూసుకోండి

చెన్నై రేస్ ట్రాక్‌లో మలుపు మధ్య థ్రాటిల్ ఇవ్వగానే బైక్ బయటికి పోతోందని, మూడో ల్యాప్‌కే ముంజేతులు పట్టేస్తున్నాయని అడిగారు. మీరు హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నారు, కారణం అదే. ఒళ్లు లోపలికి వంచాక బరువంతా చేతుల మీద పడితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అందుకే థ్రాటిల్ తిప్పగానే బైక్ మీరు అనుకున్న దారి దాటుతోంది, ముంజేతులూ పట్టేస్తున్నాయి.

1. బ్రేక్ వేయకముందే సగం పిరుదు లోపలి వైపుకు జరపండి. వంచుతూ జరిగితే బైక్ ఊగుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే. మలుపుకు బయటి వైపున్న కాలి ముందు పాదాన్ని ఫుట్‌పెగ్ (కాలు పెట్టుకునే కడ్డీ) మీద పెట్టి, మడమ ఎత్తి, తొడను ట్యాంకు గుంటలోకి గట్టిగా నొక్కండి. ఒంటి బరువు అక్కడే ఆగాలి. బైక్‌ను ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని ఎత్తి బైక్‌ను నిలువుగా ఉంచే స్టాండ్) మీద పెట్టి, ఒకరిని పట్టుకోమని, అదే భంగిమలో చేతులు రెండూ వదలండి. పడబోయారంటే ఇంకా హ్యాండిలే మిమ్మల్ని మోస్తోంది. నాకిది కుదరడానికి రెండు ట్రాక్ డేలు (రేస్ ట్రాక్‌లో సొంతంగా బైక్ నడిపే రోజులు) పట్టింది. తొడ నొప్పి పుడితే సరిగ్గా చేస్తున్నట్టే.

3. బైక్ పూర్తిగా వంగి ఉన్నప్పుడు థ్రాటిల్ కొంచెమే, నిలకడగా. భయపడి ఠక్కున మూస్తే బరువు ముందు టైరు మీద పడి జారొచ్చు.

4. మలుపు చివర కనిపించాక, బైక్ లేచే కొద్దీ థ్రాటిల్ పెంచండి.