రాడ్డు మార్చేటప్పుడు

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గుడివాడ రోడ్డు పక్కన షెడ్డు తీసుకున్నావట, సెకండ్ హ్యాండ్‌లో వెల్డింగ్ సెట్టు కూడా దిగిందట, గురువారం కొబ్బరికాయ కొడతావట. సంతోషం. ఐటీఐలో అన్నీ చెప్పారుగా, మళ్లీ ఈ మావయ్య పాఠం దేనికి అనుకుంటావని తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు వెల్డింగ్ రాడ్డు బిగించే హోల్డర్ పట్టుకున్నాను. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు లెక్కపెడితే ఏడాదికి ఒకటి కంటే ఎక్కువే తేలతాయి. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే" అంటూ సగమే వింటావు. అందుకని రాస్తున్నాను.

కొత్తవాళ్లంతా మెరుపును చూసి భయపడతారు. ఆ మెరుపు, అదే ఆర్క్, వెలుగుతున్నంతసేపు మనిషి ఎటూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు. చేతికి గ్లౌజు, మొహానికి నల్ల గ్లాసు, చూపు పని మీద. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆర్క్ లేనప్పుడు జరిగినవే. రాడ్డు మార్చేటప్పుడు, హోల్డర్ ఎక్కడో పడేసి టీకి వెళ్లినప్పుడు, షాపు మూసి ఇంటికి పోయి పడుకున్నాక.

ముందు కరెంటు సంగతి. రాడ్డు వెలుగుతున్నప్పుడు రాడ్డుకీ జాబుకీ, అంటే అతికే ఇనుప ముక్కకీ, మధ్య ఉండేది ఇరవై ముప్పై వోల్టులే. ఆర్క్ ఆగిందా, నువ్వు కొన్నలాంటి పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టులో అదే హోల్డర్ దగ్గర 70, 80 వోల్టులకు లేస్తుంది. మళ్లీ ఆర్క్ అందుకోవాలంటే ఆ మాత్రం కావాలి మరి. ఇంట్లో 230 వోల్టులు చూసిన మనకు 80 అంటే లెక్కలేదు. పొడి చేతికైతే జిల్లుమంటుంది, అంతే. అదే మే నెలలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, గ్లౌజు లోపల చెమట ఊరి, ఇనుప చట్రం మీద కూర్చుని ఉన్నావనుకో, ఆ 80 వోల్టులే గుండె ఆపడానికి చాలు.

నాకు ఒకసారి తగిలింది. వానాకాలం, తడి ట్రైలర్ ఫ్లోరు మీద మోకాళ్లేసి కూర్చుని, గ్లౌజు తీసేసి వట్టి చేత్తో రాడ్డు మారుస్తున్నాను. చెయ్యి బిగుసుకుపోయింది. వదలాలని ఉంది, వేళ్లు వినడం లేదు. అరవాలన్నా గొంతు రాదు. హెల్పర్ కుర్రాడు నన్ను పట్టుకుని లాగకుండా పరుగున వెళ్లి స్విచ్ కొట్టాడు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. లాగి ఉంటే ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం. నీ దగ్గర పనికి చేరే కుర్రాడికి మొదటి రోజు చీపురు చేతికిచ్చే ముందు మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించు. ఆ స్విచ్ ముందు సామాను పేర్చకు.

కాబట్టి రాడ్డు మార్చేది గ్లౌజుతోనే, అదీ పొడి గ్లౌజుతో. రెండు జతలు పెట్టుకుని ఒకటి ఎండలో ఆరేసుకో. కాళ్ల కింద చెక్క పలకో రబ్బరు మ్యాటో ఉండాలి. రెండు చేతులూ కావాల్సి వచ్చినప్పుడు హోల్డర్‌ని చంకలో పెట్టుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. దానంత పాడు అలవాటు ఇంకోటి లేదు. చంకలో చెమట, పక్కనే గుండె. ఒక మేకు కొట్టి, దానికి పీవీసీ పైపు ముక్క తొడిగి, హోల్డర్ అక్కడ తగిలించు.

"కరెంటు లీకైతే పడిపోయే ట్రిప్ స్విచ్ పెట్టించాను, ఇంకేం భయం" అంటావేమో. పెట్టించు, తప్పనిసరిగా 30 మిల్లీఆంపులదే పెట్టించు. కానీ అది కాపాడేది గోడ నుంచి సెట్టు దాకా వచ్చే వైరు విషయంలోనే. హోల్డర్ వైపు కాయిల్ వేరు, దానికీ మెయిన్‌కీ సంబంధం ఉండదు. అందుకే హోల్డర్ దగ్గర షాక్ కొడితే ఆ స్విచ్‌కి తెలియనే తెలియదు, పడిపోదు. ఈ ముక్క తెలియని పాత మేస్త్రీలు ఎందరో ఉన్నారు. డబ్బు చేతిలో ఆడాక వీఆర్‌డీ అనేది ఒకటి దొరుకుతుంది, సెట్టుకి పెట్టించుకో. ఆర్క్ లేనప్పుడు వోల్టేజీని అదే దించేస్తుంది.

ఇంకో తిరకాసు మన మాటలోనే ఉంది. జాబుకి తగిలించే రెండో కేబుల్‌ని "ఎర్త్" అంటాం. అది ఎర్త్ కాదురా. కరెంటు తిరిగి సెట్టుకి వెళ్లే దారి. దాన్ని తగిలించాం కదా, ఎర్తింగ్ అయిపోయిందనుకుంటే పొరపాటు. సెట్టు బాడీకి వేరే ఎర్త్ వైరు, నేలలో గుంట తీసి వేసిన ఎర్త్ ఉండాలి. ఆ రెండో కేబుల్ క్లాంప్ కూడా వెల్డింగ్ చేసే చోటికి ఎంత దగ్గరైతే అంత మంచిది, అదే ముక్క మీద. దూరంగా ఏ ట్రాక్టర్ బంపర్‌కో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. బేరింగులు పోయాయని వారం తర్వాత రైతు నీ మీదికే వస్తాడు. బండి ఏదైనా ముందు బ్యాటరీ వైర్లు ఊడదియ్యి. పల్లెల్లో పనికి పిలిచి, స్తంభం వైర్లకి కొక్కేలు తగిలించి కరెంటు ఇస్తాం అంటారు. ఫ్యూజు ఉండదు, ఎర్త్ ఉండదు. ఆ పని వదులుకుని వచ్చెయ్.

కళ్ల సంగతి నీకూ తెలుసు. ఆర్క్ వెలుగు కళ్లకి కొట్టిన దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. ఆరేడు గంటలాగి, అర్ధరాత్రి లేపుతుంది, కళ్లలో ఇసుక పోసి నలిపినట్టు. ఎక్కువగా బలయ్యేది మనం కాదు, ముక్క కదలకుండా చిన్న అతుకు, అదే టాక్, వేసేటప్పుడు ముక్క పట్టుకుని మొహం పక్కకి తిప్పుకునే హెల్పర్. మొహం తిప్పితే చాలదు, వాడికీ గ్లాసు ఉండాలి. నూట యాభై ఆంపుల దాకా 10 నంబరు గ్లాసు, ఆ పైన 11. బజార్లో దొరికే నల్ల కళ్లద్దాలు ఎండకి, దీనికి కాదు. కొట్టేశాక బంగాళాదుంప ముక్కలు పెట్టుకోమంటారు. చల్లగా ఉంటుంది, నేనూ పెట్టుకున్నాను, అంతకు మించి ఏం లేదు. చనుబాలు పిండించుకునేవాళ్లూ ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకు, చీము పట్టే ప్రమాదం ఉంది. మందుల షాపులో మొద్దుబార్చే చుక్కలు ఇస్తారు. వేసుకుంటే స్వర్గం. మళ్లీ మళ్లీ వేసుకుంటే నల్లగుడ్డు మీది పొర పాడవుతుంది. కంటి డాక్టర్ దగ్గరికి పో. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

నీ షెడ్డు రోడ్డు మీదే కదా. బడికి పోయే పిల్లలు నిలబడి చూస్తారు, వాళ్లకది దీపావళి. రోడ్డు వైపు ఒక పాత రేకు అడ్డం పెట్టు.

అతుకు మీది పెంకు, అదే స్లాగ్, కొట్టేటప్పుడు తెల్ల కళ్లద్దాలు. గ్రైండర్‌కి గార్డు. ఈ రెండూ నువ్వే చేస్తావని తెలుసు కాబట్టి సాగదియ్యను.

పొగ గురించి మాత్రం చెప్పాలి. జీఐ పైపుల గేటు పని వచ్చిందంటే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది చూడు. మలేరియా అనుకుని మాత్ర వేసుకుంటాం, తెల్లారేసరికి తగ్గిపోతుంది, మర్చిపోతాం. అది పైపు మీది జింకు పూత కాలిన పొగ. అతుకు దగ్గర పూతని ముందే గ్రైండర్‌తో గీకెయ్యి, అప్పుడు కూడా మాస్కు పెట్టుకునే. మా ఓనర్ పని అయ్యాక అందరికీ పాలు పోయించేవాడు, పక్క షాపులో బెల్లం పెట్టేవారు. పాలు పొట్టలోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి? పాలు తాగు, మంచిదే, కానీ దానికి మందనుకోకు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో తేల్చేసింది. మొహానికి కట్టే తువ్వాలు దుమ్ముకే, పొగకి పనిచెయ్యదు. ఎన్95 మాస్కు వాడు. ఫ్యాను పక్క నుంచి వీచేలా పెట్టు, తల పొగ మీదికి వంచకు. ట్యాంకరు లోపలికి దిగి వెల్డింగ్ చెయ్యమంటే ఒక్కడివే దిగకు, గాలి ఆడే ఏర్పాటు లేకుండా అసలే దిగకు. గాలి కోసమని ఆక్సిజన్ సిలిండర్ వదిలే తెలివిగలవాళ్లున్నారు, ఒక్క రవ్వకి బట్టలు భగ్గుమంటాయి.

ఇక డ్రమ్ములు. "ఖాళీదే అన్నా, నెల నుంచి అలాగే పడుంది" అంటూ డీజిల్ డ్రమ్ము తెస్తారు. నూనె పోతుంది, ఆవిరి పోదు. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే పేలుతుంది. కడిగి, నీళ్లు నింపి చేసే పద్ధతులున్నాయి, చేసినవాళ్లని చూశాను. నీ షాపులో ఆ పనే వద్దు. బోర్డు రాసి పెట్టుకో, మొహమాటం ఉండదు.

మీ ఊళ్లో ఇంకో చిక్కు వరిగడ్డి. ట్రైలర్లు గడ్డి రాల్చుకుంటూనే షాపులోకి వస్తాయి. రవ్వ ముప్పై అడుగులు ఎగిరి పడుతుంది, పడ్డచోట కనపడకుండా గంటసేపు కాలుతూ కూర్చుంటుంది. ముందు ఊడ్చి తర్వాత రాడ్డు పెట్టు. చివరి రాడ్డు అయ్యాక గంటసేపు షాపు దగ్గరే ఉండు, లెక్కలు అప్పుడు రాసుకో. బకెట్ ఇసుక ఎప్పుడూ ఉండాలి. నీళ్లు చల్లేది స్విచ్ తీశాకే.

బట్టలు నూలువే. పాలిస్టర్ ప్యాంటు కాలితే చర్మానికి అతుక్కుంటుంది. ప్యాంటు కింద మడత పెట్టకు, రవ్వలు అందులోనే దాక్కుంటాయి. హవాయి చెప్పులతో పనిలోకి దిగితే మీ అమ్మకి ఫోన్ చేస్తాను.

రేపు ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వేస్తున్నాను. 10 నంబరు గ్లాసులు మూడు, తోలు గ్లౌజులు రెండు జతలు, నా పాత తోలు ఏప్రాన్. ఏప్రాన్ కుడి పక్క చిరుగు ఉంది, చర్మకారుడి దగ్గర కుట్టించుకో. బుధవారం రాత్రికే వస్తాను. కొబ్బరికాయ కొట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఉంచు, ఎర్త్ గుంట ఎక్కడ తవ్వాలో చూద్దాం.

నీ మావయ్య