నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ

ప్రశ్న: మా పాత డెస్క్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ ఉంది. జాగా కోసం విండోస్‌లోంచి ఒక పార్టిషన్ (హార్డ్ డిస్క్‌లో ఒక విభాగం) తీసేశాను. ఇప్పుడు ఆన్ చేస్తే 'నో సచ్ పార్టిషన్, గ్రబ్ రెస్క్యూ' అని ఆగిపోతోంది. మా బాబు ప్రాజెక్టు ఉబుంటులోనే ఉంది. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: టెన్షన్ వద్దు. తీసేసింది ఉబుంటు ఉన్న పార్టిషన్ కాకపోతే ప్రాజెక్టు భద్రమే. పరీక్షల ముందు హనుమకొండలోని మా షాపుకు ఇలాంటి సీపీయూలు ఆటోల్లో దిగుతూనే ఉంటాయి.

పాత మెషీన్‌లో పవర్ నొక్కగానే బయోస్ (మదర్‌బోర్డు మీదుండే మొదటి ప్రోగ్రాము) డిస్క్‌లోని మొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో ప్రోగ్రాముకు దక్కేది 446 బైట్లే; మిగతాది పార్టిషన్ పట్టిక, చివర 2 బైట్ల గుర్తు. అంత ఇరుకులో ఏం పడుతుంది? అందుకే గ్రబ్ (ఏ సిస్టమ్ తెరవాలో మెనూ చూపే ప్రోగ్రాము) మొదటి ముక్క ఒక్కటే అక్కడ, రెండో ముక్క ఆ వెనక సెక్టార్లలో (డిస్క్ మీది చిన్న గదుల్లో) ఉంటుంది. ఆ రెండో ముక్క మెనూ కోసం ఉబుంటు పార్టిషన్‌ను నంబరుతో వెతుకుతుంది. లాజికల్ పార్టిషన్లలో (ఒక పెద్ద పార్టిషన్ లోపల చేసిన భాగాల్లో) 5ను తీసేస్తే 6 కాస్తా 5 అవుతుంది. ఇంటి నంబర్లు మారిన వాడలో పోస్ట్‌మన్ తిరిగినట్టే!

ఆ నల్ల తెర మీదే పార్టిషన్ల జాబితా చూపే 'ఎల్ఎస్' (ls) కొట్టి, బూట్ ఫోల్డర్ ఏ పార్టిషన్‌లో ఉందో చూడండి. 'సెట్' (set)తో ఆ పార్టిషన్ పేరును 'రూట్' (root)కు, అందులోని గ్రబ్ ఫోల్డర్ దారిని 'ప్రిఫిక్స్' (prefix)కు ఇవ్వండి. తర్వాత 'ఇన్స్‌మాడ్ నార్మల్' (insmod normal), 'నార్మల్' (normal) అని ఒకదాని తర్వాత ఒకటి కొట్టండి. మెనూ వస్తుంది, ఆపైన కెర్నల్ (ఉబుంటు గుండె), మిగతా సర్వీసులను మొదలుపెట్టే 1వ నంబరు ప్రాసెస్ సిస్టమ్‌డీ వాటి పని అవి చూసుకుంటాయి.

ఉబుంటు తెరుచుకోగానే ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. లేదంటే రేపు పొద్దున మళ్లీ అదే తెర. ఎవరైనా ఫార్మాట్ చేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి.