విమానం ఒరగడానికి ఎందుకు మొరాయిస్తుంది?

మోడల్ విమానం పక్కకు ఒరిగిపోకుండా ఉండాలంటే రెక్కలు ఎలా పెట్టాలి, అలా పెడితే మలుపు తిరుగుతుందా అని అడిగారు. విజయనగరంలో ఆరేళ్లుగా ఫోమ్ విమానాలు చేసి ఎగరేస్తున్నాను. నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి మీకు ముందే చెబుతాను: ఒరగడాన్ని అడ్డుకునేది వేరు, ఒరిగాక సరిచేసేది వేరు.

అడ్డుకునే గుణం ప్రతి విమానానికీ ఉంటుంది. ఒరుగుతున్నప్పుడు కిందికి దిగే రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, పెరుగుతుంది, పైకి లేచే రెక్కకు తగ్గుతుంది. ఆ తేడా ఒరుగుదలకు ఎదురు నిలుస్తుంది. కానీ కదలిక ఆగగానే అదీ పోతుంది. విమానం ఎంత ఒరిగి ఉందో దానికి పట్టదు.

నా రెండో విమానం అలాగే పోయింది. దాని రెక్కలు బల్లపరుపు. గజపతినగరం వైపు కోత అయిన పొలంలో ఎడమకు ఒరగనిచ్చి, మొదటిదానిలాగే లేస్తుందని రిమోట్ మీది స్టిక్ వదిలేశాను. లేవలేదు. ముక్కు దించుకుంటూ వచ్చి వరి మోళ్ల మధ్య దిగబడింది. రెక్క అతుకు దగ్గరే చీలిపోయింది.

మొదటిదానికి రెక్కల కొసలు పైకెత్తి ఉండేవి. దాన్నే డైహెడ్రల్ అంటారు. ఒరిగిన విమానం కింది రెక్క వైపు జారుతుంది. ఆ జారుడులో కింది రెక్కకే గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని పైకి లేపుతుంది. అయితే మధ్యాహ్నం గాలి లేచాక అదే విమానం నన్ను ఏడిపించేది. పక్కగాలి కొట్టిన ప్రతిసారీ గాలి వచ్చే వైపు రెక్క లేచిపోయేది. ఆ ఇబ్బంది తగ్గించడానికే రైట్ సోదరులు 1903 నాటి ఫ్లయర్ రెక్కల కొసలను కిందికి దించారు. మన వాయుసేన పెద్ద రవాణా విమానం సి-17 రెక్కలూ కిందికి వాలి ఉంటాయి. రెక్క విమానం ఒంటికి పైభాగాన ఉండడం, వెనక్కి వాలి ఉండడం అనే రెండూ డైహెడ్రల్ పనే చేస్తాయి కనుక, అది మరీ ఎక్కువ కాకుండా ఆ ఏర్పాటు.

ఇక చురుకుదనం. ఒకే ఆకారం, ఒకే వేగం అనుకుంటే, రెక్క నిడివి రెండింతలైతే ఒరిగే వేగం దాదాపు సగమవుతుంది. బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. రెండు కొసలా నిండు బిందెలున్న కావడి మోసే మనిషి గిరుక్కున తిరగలేడు, తిరిగాక చటుక్కున ఆగలేడు. రెక్కల్లో ఇంధనం, కింద ఇంజన్లు మోసే పెద్ద విమానమూ అంతే. అదే యుద్ధ విమానం తేజస్‌కు రెక్కల నిడివి 8.2 మీటర్లే, ఇంజన్ ఒంట్లోనే ఉంటుంది, అందుకే చురుగ్గా ఒరుగుతుంది.

మీరు మీటరు రెక్కకు ఒక్కో కొసను 4 సెంటీమీటర్లు ఎత్తండి. ఎయిలరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) వద్దు, రడ్డర్ (తోక మీద కదిలే నిలువు పలక) చాలు. రడ్డర్ ముక్కును పక్కకు తిప్పగానే ఆ డైహెడ్రలే విమానాన్ని మలుపులోకి ఒరిగిస్తుంది. పొద్దున్నే, గాలి లేవకముందే ఎగరేయండి.