టెక్ సందేహాలు: గొర్రె చెవిలో చిప్పు, ఫోనులో మ్యాపు

ప్రశ్న: నాన్నకు నూటికి పైగా గొర్రెలున్నాయి. మేతకు వెళ్లినప్పుడల్లా ఒకటో రెండో తప్పిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తించే చిప్పు) చెవిపోగులు చూశాను. అవి వేస్తే జీవాలు ఎక్కడున్నాయో ఫోనులో కనిపిస్తుందా? నా ఫోనులో ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెట్టిన చిప్పును చదివే సదుపాయం) కూడా ఉంది.
- ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం

జవాబు: కనిపించదు. కొనకముందే అడిగారు, డబ్బు మిగిలింది. ఆ పోగులో బ్యాటరీ ఉండదు. లోపల ఉండేది సన్నని రాగి తీగ చుట్ట, ఒక చిప్పు, అంతే. రీడరు, అంటే పోగును చదివే పరికరం, దగ్గరికి తెస్తే దాని తరంగాలతోనే చిప్పు మేల్కొని తన 15 అంకెల సంఖ్య చెబుతుంది. అదీ జానెడు, మహా అయితే మూరెడు దూరంలో. గొర్రె గుట్ట అవతలికి పోయాక చేతిలో రీడరు ఉండి ఏం లాభం?

మీ ఎన్‌ఎఫ్‌సీ కూడా అక్కరకు రాదు. అది 13.56 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. పశువుల పోగులకు ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం 134.2 కిలోహెర్ట్జ్. రీడరు విడిగా కొనాల్సిందే, ఖర్చంతా అక్కడే. 'ఏ ఫోనుతోనైనా చదవవచ్చు' అని ప్రకటన కనిపిస్తే అది ఈ ప్రమాణానికి చెందిన పోగు కాదు.

ఈ పోగులు వేరే పనికి పుట్టాయి. ఐరోపా సమాఖ్య 2010 నుంచి గొర్రెలకు వీటిని తప్పనిసరి చేసింది వ్యాధుల భయంతోనే. గాలికుంటు లాంటిది బయటపడితే ఆ జీవం ఏ సంతలో చేతులు మారింది, ఏ మందలో కలిసింది అన్నది గంటల్లో తేలాలి కదా.

మీకు కావలసింది జీపీఎస్ మెడపట్టీ. నూటికీ కట్టనక్కర్లేదు, ముందు నడిచే పొట్టేలుకు ఒకటి చాలు. తప్పిపోయిన గొర్రెను అది చూపదు. మంద ఏ దారిన తిరిగిందో చూపుతుంది, వెతకడానికి అదే ఆధారం. కొనే ముందు మీ మేత బీళ్లలో ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందో చూసుకోండి, స్థానం తెలిసినా మీ ఫోనుకు కబురు పంపాల్సింది పట్టీలోని సిమ్మే. దొంగల కోసమైతే మాత్రం వద్దు. వాళ్లు మొదట కోసి పారేసేది ఆ పట్టీనే.

ప్రశ్న: ప్రభుత్వం వేసిన పసుపు పోగు మా గేదె చెవి నుంచి ఊడిపోయింది. టీకాల వివరాలు, బీమా పోయినట్టేనా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: టీకాల వివరాలు ఎక్కడికీ పోవమ్మా. ఆ పోగులో చిప్పే లేదు, ఉన్నవి 12 అంకెలు, బార్‌కోడు. వివరాలన్నీ ప్రభుత్వ పశువుల రికార్డు వ్యవస్థ భారత్ పశుధన్ సర్వర్లో మీ పేరు, ఫోను నంబరు కింద ఉంటాయి. పశువైద్యశాలలో చెప్పి కొత్త పోగు వేయించండి, పాత సంఖ్యకు దాన్ని జత చేయమని గట్టిగా అడగండి. పాత సంఖ్య గుర్తు లేకపోతే బీమా పత్రం మీద ఉంటుంది.

బీమా సంగతి వేరు. చెవికి పోగు లేకపోతే పరిహారం లేదన్నది కంపెనీల షరతు. పోగు ఊడిన సంగతి, కొత్త సంఖ్య రెండూ వెంటనే రాతపూర్వకంగా తెలపండి. మిగతా పశువులకు అంకెలు స్పష్టంగా కనబడేలా ఒక్కో ఫొటో ఇవాళే తీసి పెట్టుకోండి, చెవి ఒక్కటే కాదు, ముఖం కూడా పడాలి.