హెడ్ గ్యాస్కెట్ మార్చాక ఇంజిన్‌లో టకటక ఎందుకు వస్తోంది?

బెంగళూరు పీణ్యలో సరుకు తోలే పాత టాటా 407కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, పైనుండే హెడ్‌కు మధ్య ఉండే సీలు) మీరే మార్చారు, అప్పటి నుంచి టకటకమని శబ్దం వస్తోందని అడిగారు. రిపేరుకు ముందు లేని శబ్దం కాబట్టి మీరు చేయి పెట్టిన చోటే మొదట వెతకండి. ఇంజిన్ పోయిందని అప్పుడే టెన్షన్ పడకండి.

అయితే ఆయిల్ లైటు వెలిగినా, లోపల బరువుగా ధన్ ధన్ అని కొట్టినా వెంటనే ఆపేయండి. అది బేరింగ్ కావచ్చు. అలాగే నడిపితే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్ షాఫ్ట్ కూడా దెబ్బతింటుంది.

సన్నని టకటక అయితే నా అనుమానం వాల్వులను కదిలించే ట్యాపెట్ల మీదే. వాటిని నడిపే క్యామ్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది, అందుకే ఆ చప్పుడు కాస్త నింపాదిగా వినిపిస్తుంది. ఇంజిన్ పైనున్న వాల్వ్ కవర్ తీసి పుష్ రాడ్లు (క్యామ్ కదలికను పైకి అందించే కడ్డీలు) సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి. తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులు) ట్యాపెట్ గ్యాప్ సరిచేయండి. హెడ్ బోల్టులు మళ్లీ బిగిస్తే ఈ గ్యాప్ మారిపోతుంది, చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

చల్లటి ఇంజిన్‌లో ఫుస్ ఫుస్ అని వినిపించి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటకు తీసుకెళ్లే గొట్టాల భాగం) దగ్గర లీకు ఉన్నట్టే. దానికి కొత్త గ్యాస్కెట్ బెంగళూరు జేసీ రోడ్డులో వెతకండి. డీజిల్ పైపులు విప్పి ఉంటే గాలి చేరి ఉండొచ్చు, బ్లీడ్ చేయండి, అంటే ఆ గాలిని బయటకు తీసేయండి.

ఏ సిలిండరో తేల్చడానికి మెకానిక్‌లు ఇంజెక్టర్ పైపు నట్టు ఒక్కొక్కటే వదులు చేసి వింటారు. అక్కడ డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ పని మాత్రం వాళ్లకే వదిలేయండి.