రెండు భుజాల నొప్పి, వేళ్ల వాపు: మా అత్తగారి విషయంలో తెలిసినవి

మీ అమ్మగారికి నెలల తరబడి రెండు భుజాలూ నొప్పిగా ఉంటున్నాయనీ, పొద్దున లేచేసరికి వేళ్లు వాచి గాజులు ఎక్కడం లేదనీ, మెడ ఎక్స్‌రేలో అరుగుదల ఉందని చెప్పి నొప్పి మాత్రలు ఇచ్చారనీ రాశారు. నేను డాక్టరును కాను. మా అత్తగారికి ఇవే లక్షణాలు వచ్చినప్పుడు రుమటాలజిస్టు (కీళ్లవాత జబ్బుల డాక్టరు) వివరించిన విషయాలను మాత్రమే చెబుతున్నాను.

ఆయన మొదట అడిగింది, పొద్దున లేచాక కీళ్ల బిగుసుదనం వదలడానికి ఎంతసేపు పడుతుందని. అరుగుదల అయితే ఆ బిగుసుదనం సాధారణంగా అరగంటలోపే పోయి, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుందట. కీళ్లవాతంలో అది గంట దాటినా ఉండి, కదిలేకొద్దీ సడలుతుందట. మా అత్తగారు పొద్దున పాలగిన్నె దించలేకపోయేవారు, మధ్యాహ్నానికి కూరలు తరిగేవారు. యాభై దాటినవారిలో చాలామందికి మెడ ఎక్స్‌రేలో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుందనీ, మెడ దగ్గర నరం నొక్కుకుంటే చేయి లాగడం, తిమ్మిరి ఉంటాయి గానీ వేలి కణుపులు వాచవనీ ఆయన చెప్పారు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ, కీళ్లవాతం కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, వీటితో పాటు థైరాయిడ్, షుగర్ రక్తపరీక్షలు చేయించాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని తేలింది. ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఈ జబ్బు లేదని తేల్చకూడదు. ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాస్తే అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం కాబట్టి ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోవాలి.

అయితే మీ అమ్మగారిదీ ఇదే అయి ఉండాలని లేదు. ఇటీవల జ్వరం వచ్చి ఉంటే చికున్‌గున్యా ఏమోనని డాక్టరుకు గుర్తు చేయండి. 2006లో మన జిల్లాల్లో అది విజృంభించినప్పుడు జ్వరం తగ్గాక కూడా నెలల పాటు కీళ్ల వాపుతో బాధపడినవారు మీకూ తెలిసే ఉంటారు. షుగర్ ఉన్నవారికి భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి కూడా చేయి లేవకపోవడం తరచుగా జరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా చేతులు ఉబ్బి ఒళ్లంతా నొప్పులు వస్తాయి. యాభై దాటినవారిలో భుజాలు, తుంటి రెండూ కలిసి బిగుసుకుపోయే పాలీమయాల్జియా రుమాటికా అనే జబ్బు కూడా ఒకటుంది. దానితో కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే చూపించాలి. ముఖం, పాదాలు కూడా ఉబ్బుతుంటే మూత్రపిండాల పరీక్ష అవసరం.

వాపు ఒక్క చేతికే ఉంటే లెక్క వేరు. చేయి హఠాత్తుగా ఉబ్బి నీలిరంగుకు తిరిగితే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు, ఆలస్యం చేయకూడదు. భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన ఇళ్లలో దాన్ని గ్యాస్ అని కొట్టిపారేయడం మామూలైపోయింది.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో రుమటాలజీ విభాగం ఉంది. ఎక్కడ చూపించినా ఇప్పటిదాకా వాడిన మాత్రలన్నీ, ముఖ్యంగా పేరు లేని పొట్లాల్లో ఇచ్చినవాటిని, వెంట తీసుకెళ్లండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ ఉంటే వాపు తాత్కాలికంగా అణిగి అసలు జబ్బు బయటపడదు, అలాగని ఎక్కువ కాలం వాడినదాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే.