కారో-కాన్ మీద దూకుడుగా ఆడాలా? ముందు ఆ బిషప్ వెంట పడండి

మీ ప్రశ్న ఇది: చదరంగంలో తెల్లపావులతో ఈ4 (రాజు ముందు బంటును రెండు గడులు తోయడం) ఆడి మొదలుపెడతారు, దాడి చేసే ఆట ఇష్టం, కానీ ఎదుటివాళ్ళు నల్లపావులతో కారో-కాన్ అనే రక్షణ (1వ ఎత్తు సీ6, 2వ ఎత్తు డీ5) ఆడితే బంట్లు మార్చుకుని చప్పగా డ్రా అయిపోతోంది. ఏం ఆడాలి అని.

నేను వారాంతపు రేటింగ్ టోర్నీల్లోనూ, ఆన్‌లైన్ ర్యాపిడ్‌లోనూ చాలా ఏళ్లుగా దీని మీద ఒకే దారిలో వెళ్తున్నాను. 2వ ఎత్తులో డీ4 ఆడి, 3వ ఎత్తులో ఈ4 బంటును ఈ5కి తోస్తాను. వాళ్ళు బిషప్‌ను ఎఫ్5కి తేగానే 4వ ఎత్తులో హెచ్4. మిఖాయిల్ తాల్ 1961లో బోట్విన్నిక్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో ఆడిన లైన్ (ఎత్తుల వరుస) ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ మ్యాచ్ తాల్ 8-13తో పోగొట్టుకున్నా లైన్ మాత్రం నిలబడింది, ఇప్పటికీ పెద్ద టోర్నీల్లో కనిపిస్తుంది.

ఎందుకు పనిచేస్తుందంటే, కారో-కాన్ ఆడేవాళ్ళకు ఉన్న గొప్ప ధీమా ఆ తెల్లగడుల బిషప్పే. ఫ్రెంచ్ డిఫెన్స్‌లో (ఈ4కి ఈ6తో జవాబిచ్చే రక్షణ) అది ఈ6 బంటు వెనక ఇరుక్కుపోతుంది, ఇక్కడ ముందే బయటికి వచ్చేస్తుంది. కాబట్టి మొదట్లోనే రాజు మీదకు వెళ్ళడానికి ఏమీ లేదు, అక్కడ తలుపులన్నీ మూసి ఉంటాయి. బిషప్‌ను తరిమితే వాళ్ళ బంట్లు కదలక తప్పదు. రాజు దగ్గరికి దారి అప్పుడు తెరుచుకుంటుంది.

హెచ్4 చూసి పట్టించుకోకుండా అలవాటుగా ఈ6 ఆడేవాళ్ళు ఆన్‌లైన్‌లో బోలెడుమంది. అప్పుడు జీ4. బిషప్ జీ6కి వెళ్తే హెచ్5, అక్కడి నుంచి ఈ4కి వస్తే ఎఫ్3. ఇక దానికి వెళ్ళడానికి గడి లేదు, బిషప్ పోయినట్టే.

కాస్త తెలిసినవాళ్ళు హెచ్6 ఆడి బిషప్‌కు హెచ్7 గడి ఖాళీ చేసుకుంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఒక టోర్నీలో నాకన్నా రేటింగ్ బాగా ఎక్కువున్న కుర్రాడు ఇలాగే ఆడాడు. నేను జీ4 అన్నాను, అతను బిషప్‌ను హెచ్7లో పెట్టుకున్నాడు. వెంటనే ఈ6! బంటును ఊరికే ఇచ్చేశాను. ఎఫ్ బంటుతో తీసుకున్నాడు. నేను బిషప్‌ను డీ3కి తెచ్చాను, బిషప్‌లు మార్చుకున్నాం, నా క్వీన్ డీ3లో కూర్చుంది. అతను గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాడు, నేను జీ6లో చెక్ ఇచ్చాను, రాజు డీ7కి నడవాల్సి వచ్చింది. ఆ బోర్డును ఒక్క నిమిషం ఊహించుకోండి. ఈ6, ఈ7లో ఒకదాని వెనక ఒకటి రెండు నల్ల బంట్లు, వాటి వెనక ఎఫ్8 బిషప్‌కు ఊపిరాడదు. నా గుర్రం ఎఫ్3 మీదుగా ఈ5కి వచ్చి చెక్ ఇస్తుంది, తర్వాత ఎఫ్7లో దిగితే క్వీన్‌కూ ఏనుగుకూ ఒకేసారి గురి. ఒక్క బంటుకు ఇంతకన్నా ఏం కావాలి? ఆ గేమ్ నేనే గెలిచాను.

అందుకే జీ4కి జవాబుగా బిషప్‌ను డీ7కే వెనక్కి తీసుకెళ్ళడం నల్లవాళ్ళకు మంచిది, బోట్విన్నిక్ కూడా తాల్ మీద అదే చేశాడు. అక్కడ మీకు చోటు ఎక్కువ దొరుకుతుంది కానీ గెలుపు చేతిలో ఉందనుకోవద్దు. వాళ్ళు సీ5తో మీ డీ4 బంటును కొడతారు. అది కూలితే మీ రాజువైపు బంట్లన్నీ గాలిలో వేలాడతాయి. సీ3 ఆడి దాన్ని కాచుకోండి.

నిజంగా గట్టి ప్రత్యర్థి 4వ ఎత్తులో హెచ్5 ఆడతాడు. అప్పుడు జీ4 మాట మరిచిపోండి. చాలామంది ఇక్కడే పట్టుబట్టి చెడగొట్టుకుంటారు. వాళ్ళ హెచ్ బంటు ముందుకెళ్ళిపోయింది కాబట్టి జీ5 గడిని హెచ్6తో బెదిరించలేరు. మీ నల్లగడుల బిషప్‌కు అది సొంత ఇల్లు. నేను 5వ ఎత్తులో సీ4 ఆడి ఆటను మధ్యకు తిప్పుతాను, తర్వాత సీ3లో గుర్రం, జీ5లో బిషప్. రెండో గుర్రం ఈ2 మీదుగా జీ3కి వెళ్తే ఎఫ్5 బిషప్, హెచ్5 బంటు రెండింటి మీదా ఒత్తిడి పడుతుంది. వాళ్ళు సీ4 బంటును తీసుకుంటే డీ5 గడి వాళ్ళ గుర్రానికి దొరుకుతుంది, అది నిజమైన నష్టమే. బదులుగా మీ గుర్రం ఈ4 నుంచి డీ6 వైపు చూస్తుంది. కంప్యూటర్‌ను అడిగితే ఆట దాదాపు సమానమే అంటుంది. కానీ మీరడిగిన చప్పదనం ఉండదు, టెన్షన్ ఇద్దరికీ సమానం.

వాళ్ళు బిషప్‌ను తేకుండా 3వ ఎత్తులోనే సీ5 ఆడితే ఈ కథంతా ఉండదు. బంటును తీసేసుకోండి. ఫ్రెంచ్‌లో ఒక్క ఎత్తులో సీ5కి వచ్చే బంటు ఇక్కడ రెండు ఎత్తులు వాడింది, ఆ తేడా మీదే. వాళ్ళు ఈ6 ఆడితే మీరు బిషప్‌ను ఈ3లో పెట్టి సీ5 బంటును వీలైనంతసేపు నిలబెట్టుకోండి. అది తిరిగి రాబట్టుకోవడానికి వాళ్ళు వెచ్చించే ఎత్తుల్లో మీ పావులన్నీ బయటికి వచ్చేస్తాయి.